మురుగుగొట్టమునకు ముందు వాగును చదువుడు

(హైదరాబాదులోని ఒక పఠనమందిరమున న్యాయవాదియగు ఒక స్వచ్ఛందసేవకుడు చేసిన ఉపన్యాసము)



మురుగును గూర్చిన ప్రసంగము సభకు శోభ గూర్చునది కాదు. అయినను పట్టణవాసి తప్పించుకొనజాలని విషయములలో ఇది యొకటి. మన యింటి మురుగును దూరముగా గొనిపోవు గొట్టమును మనమందరమును కోరుదుము, నేనును కోరుదును. కలరా మొదలగు వ్యాధులను తగ్గించుటలో మంచి త్రాగునీరును, మూతగల మురుగుగొట్టమును చేసిన మేలు ఏ యౌషధము చేసిన మేలునకును తీసిపోదు. కావున గొట్టము వలదనుట నా వాదము కాదు. అది ఏ దారిని పోవలెను, ఆ దారియందున్న వాగునకును, చెరువునకును, చిత్తడినేలకును ఏమి సంభవించును, ఆ విచారణ ఎప్పుడు జరుగవలెను, అనునదియే నేటి విషయము. పలుగు నేలను తాకకమునుపే ఆ విచారణ జరుగవలెనని నేను చెప్పవచ్చితిని.

మురుగుగొట్టము వాగునే ఏల వెదకును? నీరు పల్లమెరుగునని మన పెద్దలు చెప్పిరి. మురుగు తనంతట తాను పారవలెను. గొట్టమున మడ్డి పేరుకొనకుండవలెనన్న క్షణమునకు 0.6 మీటరు వేగమైనను ఉండవలెనని ఇంజనీర్ల నియమము. ఆ వాలు ప్రకృతి సిద్ధముగా దొరకు చోటు వాగు లోయయే. గట్టుమీదుగా గొనిపోవలెనన్న పంపులును, విద్యుచ్ఛక్తియు కావలెను. ఇంకొక కారణము కలదు. ఒకరి స్వంత భూమిగుండ పోయినచో పరిహారమీయవలెను; వాగు పోరంబోకునకు పరిహారమడుగువాడు లేడు. అంచనాకాగితముపై వాగుదారి చవుకగా కనబడును. ఆ చవుకదనమునకు వెల చెల్లించునది వాగు.

మన నగరము కథయే చూడుడు. 1562 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలములో హుస్సేన్‌సాగరము నిర్మింపబడెను. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూరు నాలాలు దానిలోనికి నీరు తెచ్చినవి. నాలా యనగా మొదట నీటిపారుదల. నేడు మన నోట అదే మాటకు మురుగుకాలువ యని యర్థమైనది. మాట చెడలేదు, మనము వాగును చెడగొట్టితిమి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలాది ప్రాణములను బలిగొన్న పిమ్మట విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వరదను ఆపుటకు జలాశయములతో పాటు నగరమునకు మురుగుపారుదల యేర్పాటు కూడ కావలెనని ఆయన చూపెను. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. వరదను, మురుగును వేరువేరు శాఖల పనులుగా గాక ఒకే నీటి ప్రశ్నగా చూచిన ఆ దృష్టిని మనము నిలుపుకొనలేదు.

తరువాత నాలాల మురుగు సాగరమున పడకుండ అడ్డగించి, గొట్టములగుండ అంబర్‌పేట శుద్ధికేంద్రమువైపు మరలించిరి. ఉద్దేశము మంచిదే. కాని అడ్డగించు కట్ట మురుగును, ఊటనీటిని వేరుచేయజాలదు. వేసవిలో వాగునందుండు కొలదిపాటి నీరు కూడ మురుగుతో పాటు గొట్టమున బోవును. వానకాలమున గొట్టము చాలక, మురుగు వాననీటితో కలిసి కట్టదాటి చెరువున పడును. అనగా మంచినీరు రావలసినప్పుడు రాదు, చెడునీరు రాగూడనప్పుడు వచ్చును. వాగునీరు తప్పిన సాగరములోనికి శుద్ధిచేసిన మురుగునీటిని పోయుటకై దాని యొడ్డుననే దినమునకు 20 మిలియను లీటర్ల కేంద్రమును కట్టవలసివచ్చెను. ఇట్టి యనుభవము మనకుండగా 2021లో నగరమునకు మరి 31 శుద్ధికేంద్రములు మంజూరయ్యెను. కేంద్రముండిన చోటికి గొట్టము పోవలెను. గొట్టము వాగువెంట పోవును. కావుననే ఈ మాట నేడు చెప్పుచున్నాను.

గొట్టము పూడ్చిన పిమ్మట నేల యథాప్రకారముగా నుండునని యధికారులందురు. ఉండదు. గొట్టము క్రింద పరచిన ఇసుకయు కంకరయు నేలలోపల ఒక దొంగకాలువయగును. చిత్తడినేలలో నిలువవలసిన నీరు ఆ కంకరవెంట జారిపోవును. పైకి కందకము పూడినట్లే యుండును, లోపల నేల ఎండుచుండును. రెండు మూడేండ్లకు తుంగయు జమ్మును పోయి ముండ్లతుమ్మ మొలిచినప్పుడు కారణమెవరికిని తోచదు. గొట్టపు అతుకులు వదులైనచో ఊటనీరు లోనికి చొరబడి వాగు వేసవి ధారను హరించును. నేల ఎండినప్పుడు మురుగే వెలికివచ్చి బావులను చెరచును. చిన్న గొట్టములపై సుమారు 30 మీటర్లకొక మ్యాన్‌హోల్ ఉండును. కిలోమీటరునకు ముప్పదికి పైగా. అవి వాగు గర్భముననే యున్నచో వరదనాడు వాగు వానిలో దూరును; క్రింది యూరిలో మూతలు లేచి మురుగు వీధులలో పారును. వ్రేళ్లు గొట్టమును చీల్చునని గట్టుమీది పెద్ద చెట్లను నరికిన పిదప అచట చెట్టును మరల నాటనీయరు. నీడపోయిన నీరు కాగును. కాగిన నీట చేప నిలువదు.

ఇక శాసనమేమనుచున్నది? 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన పట్టికలో మురుగుగొట్టపు పేరు లేదు. కావున దానికి బహిరంగ విచారణ నిర్బంధము కాదు. 2017 నాటి చిత్తడినేలల నియమములు కలవు గాని, సేద్యమునకును త్రాగునీటికిని మనుష్యులు కట్టిన జలాశయములను అందలి నిర్వచనమే వెలివేసినది. మన చెరువులలో నత్యధికము ఆ కోవకు చెందినవే! పాకాల, రామప్ప చెరువులు కట్టిన కాకతీయులు మనకొసగిన సొత్తు, మనుష్యుడు కట్టినదను కారణమున ఆ నియమముల రక్షణకు దూరమైనది.

అయినను మనము నిరాయుధులము కాము. 1974 నాటి జలకాలుష్య నివారణ శాసనము తన రెండవ సెక్షనులో వాగనగా నేమో చెప్పినది: పారునదియైనను, ప్రస్తుతము ఎండియున్నదైనను జలమార్గము వాగే, సహజమైనను కృత్రిమమైనను లోతట్టు జలము వాగే, భూగర్భజలమును వాగే. వేసవిలో ఎండిన నాలాను చూపి “ఇచట వాగెక్కడ?” అను కాంట్రాక్టరునకు ఇంతకంటె స్పష్టమైన సమాధానము లేదు. 24వ సెక్షను వాగును కలుషితము చేయుటనే కాక, కాలుష్యము మిక్కిలి పెరుగునట్లు ప్రవాహమునకు అడ్డుతగులుటను గూడ నిషేధించుచున్నది. 25వ సెక్షను ప్రకారము కాలుష్యనియంత్రణమండలి ముందనుమతి లేక క్రొత్తగా మురుగును విడువరాదు. జంట జలాశయముల పరీవాహక ప్రాంతమున తలపెట్టిన యొక కర్మాగారమును గూర్చి 1999లో తీర్పు చెప్పుచు, ఉన్నస్థితిని మార్పదలచినవాడే తన పని హానికరము కాదని రుజువు చేయవలెనని సుప్రీముకోర్టు చెప్పినది. ఆ సూత్రమును మన ముంగిటి వ్యవహారముననే చెప్పిరి. గొట్టమునకు మాత్రము అది ఏల వర్తింపరాదు?

కావున సవివర నివేదిక చేతికి వచ్చిననాడు మీరడుగవలసిన ప్రశ్నలు ఐదు. ఒకటి: వాగును విడిచి వీధిగుండ పోవు దారిని పరిశీలించిరా? పరిశీలించి త్రోసివేసినచో లెక్క చూపుడు. రెండు: వాగును ఎన్నిచోట్ల దాటుచున్నారు? దాటుచోట కందకము త్రవ్వుదురా, లేక క్రిందనుండి గొట్టమును దూర్చుదురా? వరద కోతకు అందని లోతున వేయుచున్నారా? మూడు: చిత్తడినేలలో కంకరవెంట నీరు జారకుండ నడుమ నడుమ బంకమట్టి అడ్డుకట్టలు వేయుదురా? పైమట్టిని వేరుగా దాచి మరల పైననే పరచుదురా? నాలుగు: మ్యాన్‌హోల్ మూతలు వరదమట్టమునకు పైన నున్నవా? ఐదు: మురుగును మరలించిన పిదప వాగునకు వేసవిలో నీరెక్కడిది? శుద్ధిచేసిన నీటిలో కొంత మరల పైచోటనే విడుతురా?

ఇట్లడిగినచో పని జాప్యమగును, ఖర్చు పెరుగునని యందురు. మురుగు మధ్య నివసించు పేదవాడు ఎన్నాళ్లు వేచియుండవలెనని కూడ అందురు. ఈ రెండవమాట బరువైనది. దానిని నేను తేలికగా త్రోసివేయను. కాని ఏ పేదవాని పేరు చెప్పి తొందరించుచున్నారో, వాని గుడిసెయే నాలాయొడ్డున నున్నది. మ్యాన్‌హోల్ పొంగినప్పుడు మొదట మునుగునది వాని యిల్లే. మూసీనీటితో దిగువన వరి పండించు రైతును, చెరువుపై బ్రతుకు బెస్తవాడును పేదలే. కాగితముపై గీతను మార్చుటకు కొన్నివారములు చాలును. పాతిన గొట్టమును మార్చుటకు ఒక తరము పట్టును.

పనికి పూనుకొనుడు. 2005 నాటి సమాచారహక్కు శాసనము క్రింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేసినచో 30 దినములలో సమాధానమీయవలెను. దారిపటము నడుగుడు. పటము చేతబట్టి వాగువెంట ఒకసారి వేసవిలోను, ఒకసారి వానలోను నడువుడు. ఊటలున్న చోట్లను గుర్తింపుడు. అచటి చాకలివారిని, పశువుల కాపరులను అడుగుడు. వరద ఎంతవరకు వచ్చునో వారికి తెలిసినంత ఏ పటమునకును తెలియదు. మీరు చూచినది వ్రాసి, తేదీవేసి, వార్డు సభ్యునికిని, ఇంజనీరునకును, కాలుష్యనియంత్రణమండలికిని పంపుడు. వినకున్నచో 2010 నాటి శాసనముచే నేర్పడిన హరిత న్యాయస్థానము కలదు. కాని వివాదకారణము పుట్టిన ఆరు నెలలలోపల పోవలెను. తగిన కారణము చూపినచో మరి 60 దినములు. ఆలస్యముచేసినవాని న్యాయమును కాలమే కొట్టివేయును.

పట్టణమునకు గొట్టము కావలెను, వాగును కావలెను. రెండును నిలుచు దారి వెదకుట ఇంజనీరు విద్య. ఆ దారి వెదకిరా యని అడుగుట పౌరుని విధి. ఆ విధిని పలుగు పడకమునుపే నెరవేర్పవలెనని మిమ్ములను వేడుచు సెలవు గైకొనుచున్నాను.