రీకాల్ ఉత్తరం ఎవరి ఇంటికి వస్తుంది?

(నగరిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ మనం పింఛన్ల గురించి, సదరం సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటున్నాం. అవి తేలాల్సిన విషయాలే. అయితే ఆ సదరం శిబిరానికి మీరు ఏ బండిలో వెళ్లారు? ఆ బండి మంచిదా, కాదా అని ఎవరిని అడిగారు? నేను ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని నగరి నుంచి తిరుపతి బర్డ్ ఆసుపత్రికో, వేలూరు సి.ఎం.సి.కో తీసుకెళ్లాలంటే బస్సు మెట్లు ఎక్కించలేం. ఇద్దరు మగవాళ్లు ఎత్తి ఎక్కించినా కుర్చీ పెట్టుకోవడానికి చోటుండదు. అందుకని వ్యాను బాడుగకు మాట్లాడుకుంటాం. మధ్య సీటు పీకేసి, వెనక తలుపు దగ్గర వెల్డింగు షాపులో చేయించిన ఇనుప పలక ఒకటి పెట్టుకున్న వ్యాను దొరికితే అదృష్టమనుకుంటాం. కుర్చీని తాడుతో కట్టేస్తారు. పక్కన తల్లో, భార్యో, కోడలో కింద కూర్చుని చక్రాన్ని చేత్తో పట్టుకుంటుంది. ఆ చక్రం పట్టుకునే పనిలో మగవాళ్లు కనిపించడం చాలా అరుదు. వాళ్లు డ్రైవరు పక్కన కూర్చుంటారు.

మరమగ్గాల పని చేసుకునే ఒక అక్క నాతో ఇలా చెప్పింది: "అన్నా, పెట్రోలు వాసన ఘాటుగా వస్తా ఉంది అంటే, అద్దం దించుకోమ్మా అన్న్యాడు. పిల్లోడి ముక్కుకు నా కొంగే అడ్డం పెట్టుకోని పోయినాము." ఈ మాటలో మన సమస్య అంతా ఉంది. ప్రమాదాన్ని మొదట పసిగట్టింది ఆమె. కానీ ఆమె మాట వినాల్సిన బాధ్యత ఎవరికీ లేదు.

ఇంధనం ఎందుకు కారుతుందో కొంచెం చూద్దాం. మామూలు వ్యానులో పెట్రోలు ట్యాంకు, దాని గొట్టాలు నేల రేకు కిందనే ఉంటాయి. కుర్చీలో కూర్చున్న మనిషి తల పైకప్పుకు తగలకుండా ఉండాలంటే నేలను కోసి కిందికి దించాలి. అప్పుడు ట్యాంకు జరుగుతుంది, గొట్టాలు పొడవు పెంచాలి, కొత్త అతుకులు వస్తాయి. కోసిన రేకు అంచుకు రబ్బరు గొట్టం రాసుకున్నా, క్లిప్పు వదులైనా, పొగ గొట్టం వేడి దగ్గరగా తగిలినా పెట్రోలు కారుతుంది. ఇక నిప్పంటుకుంటే మామూలు ప్రయాణికుడు తలుపు తీసుకుని దూకుతాడు. కుర్చీతో సహా కట్టేసి ఉన్న మనిషిని దించాలంటే కట్లు విప్పాలి, పలక పరచాలి, వెనక్కి లాగాలి. మన ఊళ్లలో దీనికి తోడు ఇంకో ఘనకార్యం ఉంది. పెట్రోలు ఖర్చు తగ్గుతుందని వంటగ్యాసు సిలిండరు బిగించడం. అది చట్టవిరుద్ధమని బిగించేవాడికీ తెలుసు, బిగించుకునేవాడికీ తెలుసు.

ఇలా మార్చిన మినీ వ్యాన్ల పరిశ్రమ బాగా పెరిగింది అమెరికాలో. అక్కడ దాన్ని పెంచినవాళ్లలో ముఖ్యుడు రాల్ఫ్ బ్రౌన్. కండరాల క్షీణత వల్ల ఆయనే చక్రాల కుర్చీ వాడేవాడు. 1991లో ఆయన సంస్థ కుర్చీ నేరుగా ఎక్కే మినీ వ్యాను తెచ్చింది. అక్కడ 1966 నాటి వాహన భద్రతా చట్టం ప్రకారం, బండి చేసిన కంపెనీయే కాదు, దాన్ని అమ్మకానికి ముందు మార్చిన కంపెనీ కూడా తన పనిలో లోపానికి బాధ్యత వహించాలి. మార్పు చేసిన వ్యాన్లలో ఇంధనం కారే లోపాలు బయటపడినప్పుడు, మార్చిన కంపెనీల పేరు మీదనే రీకాల్‌లు జరిగాయి. రీకాల్ అంటే, తప్పు మాది, బండి తీసుకురండి, ఉచితంగా బాగు చేస్తాం అని కంపెనీ యజమానులకు ఉత్తరాలు రాయడం.

మన దగ్గర అలాంటిది లేదనుకోవద్దు. 2019 ఆగస్టులో మారుతీ సుజుకీ 40,618 వ్యాగన్ ఆర్ కార్లను వెనక్కి పిలిచింది. కారణం, ఇంధన గొట్టం ఒక లోహపు క్లాంపుకు రాసుకునే అవకాశం ఉందని. 2020 జూలైలో ఇంధన పంపు లోపం అనుమానంతో వ్యాగన్ ఆర్, బాలెనో కలిపి 1,34,885 కార్లను పిలిచింది. ఇవన్నీ కంపెనీ తనంతట తాను చేసినవి. 2019లో మోటారు వాహనాల చట్టానికి 110ఎ అనే సెక్షను చేరింది. ప్రాణాలకు హాని కలిగించే లోపం ఉంటే రీకాల్ చేయమని కేంద్ర ప్రభుత్వమే ఆదేశించవచ్చు. దానికి సంబంధించిన నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మంచిదే. కానీ ఆ చట్టాన్ని నగరి బస్టాండు దగ్గర నిలబడి చదవండి.

లోపం ఉందని ముఖ్యంగా ఎవరు చెప్పాలి? యజమానులు. నిర్ణీత సంఖ్యలో యజమానులు ఫిర్యాదు చేస్తే అది లెక్కకొస్తుంది. చక్రం పట్టుకుని కింద కూర్చున్న తల్లి ఫిర్యాదు ఆ లెక్కలోకి రాదు. ఉత్తరం ఎవరికి వస్తుంది? రిజిస్ట్రేషన్ పుస్తకంలో పేరున్నవాడికి. మన వ్యాన్లు రెండో చేయి, మూడో చేయి మారినవి. అమ్మినప్పుడు పేరు మార్చుకోకుండానే తిప్పుతుంటారు. కంపెనీ పంపిన ఉత్తరం మద్రాసులోనో, చిత్తూరులోనో ఎప్పుడో అమ్ముకున్న మనిషి ఇంటికి పోతుంది. ఎన్నేళ్ల బండికి వర్తిస్తుంది? ఏడేళ్లలోపు వాటికి. బాడుగకు తిరిగే పాత ఓమ్ని వ్యాన్ల సంగతి చూడండి, వాటి తయారీయే 2019లో ఆగిపోయింది. అంటే బీదవాళ్లు ఎక్కే వయసు వచ్చేసరికి బండి చట్టం చూపు నుంచి తప్పుకుంటుంది. బండిని మార్చినవాళ్ల బాధ్యత మాట కూడా ఆ నియమాల్లో ఉంది. మన వెల్డింగు షాపు రసీదు ఇవ్వదు కాబట్టి ఆ మాట దగ్గరికి మనం పోలేం.

ఆస్తి మగవాడి పేరున, దాన్ని వాడే శ్రమ ఆడదాని పేరున. పొలం విషయంలో ఇది మనం ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాం. వ్యాను విషయంలోనూ అంతే. భద్రతకు సంబంధించిన సమాచారాన్ని ఆస్తి హక్కుకు కట్టేస్తే, ఆస్తి లేనివాళ్లకు ప్రమాదం మాత్రమే మిగులుతుంది.

దీన్ని మార్చడం కుదరదా? కుదిరిందని చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. 2004 అక్టోబరులో కాలిఫోర్నియాలో రేచెల్, జాక్వెలిన్ హౌక్ అనే అక్కచెల్లెళ్లు అద్దె కారులో ఇంటికి వెళ్తూ చనిపోయారు. వాళ్లకు 24, 20 ఏళ్లు. స్టీరింగు ద్రవం కారి మంటలు వచ్చే లోపం ఉందని ఆ కారుకు అప్పటికే రీకాల్ ఉంది. బాగు చేయించకుండానే అద్దెకిచ్చారు. కారు ఎక్కినవాళ్లకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని చట్టమూ లేదు. వాళ్ల తల్లి కాలీ హౌక్ ఏళ్ల తరబడి పోరాడింది. 2015లో ఆ ఇద్దరి పేర్లతోనే చట్టం వచ్చింది. 35 లేదా అంతకంటే ఎక్కువ కార్లున్న అద్దె కంపెనీ రీకాల్ ఉన్న కారును బాగు చేయించకుండా అద్దెకివ్వకూడదు. అంతకు మించి చిన్న కంపెనీలను వదిలేయడం నాకు నచ్చలేదు, మన బాడుగ వ్యాన్లన్నీ ఒంటి బండి యజమానులవే కదా. అయినా ఎక్కిన మనిషికి హక్కు ఉందని ఆ తల్లి ఒప్పించింది.

మన చట్టాల్లోనూ ఆ మాటకు ఆధారం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొన్నవాళ్లనే కాదు, వాళ్ల అనుమతితో వాడేవాళ్లను కూడా వినియోగదారుగా గుర్తిస్తుంది. బాడుగ ఇచ్చి సేవ పొందే మనం ఎలాగూ వినియోగదారులమే. వస్తువును మార్చి అమ్మినవాడు, ఆ మార్పు వల్లే హాని జరిగితే బాధ్యుడని 86వ సెక్షను చెబుతుంది. ప్రమాదకరమైన సరుకులను వెనక్కి పిలిపించే అధికారం 20వ సెక్షను కింద కేంద్ర ప్రాధికార సంస్థకు ఉంది. జిల్లా కమిషన్‌లో 5 లక్షల రూపాయల వరకు కేసుకు ఫీజు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షనులో వాహనాలను అనువుగా మార్చుకోవడానికి ప్రభుత్వం పథకాలు పెట్టాలని రాసి ఉంది. ఆ పథకం కింద మార్చిన బండికి తనిఖీ, రసీదు, బాధ్యుడి పేరు ఉంటాయి. పథకం లేని చోట వెల్డింగు షాపు ఉంటుంది. వెల్డింగు చేసే తమ్ముణ్ణి తిట్టి లాభం లేదు, అతని దగ్గరికి మనల్ని పంపింది ప్రభుత్వమే.

కాబట్టి మన సంఘం తరఫున నేను అడిగేవి ఇవి. రీకాల్ ఫిర్యాదులో ప్రయాణికురాలి మాట కూడా లెక్కించాలి. ఏడేళ్ల హద్దు వికలాంగుల కోసం మార్చిన బండ్లకు తీసెయ్యాలి. రీకాల్ ఉన్న బండ్ల వివరాలు తెలుగులో, ఈ ప్రాంతంలో తమిళంలో కూడా, వికలాంగులు వెళ్లే ఆసుపత్రుల గోడల మీద అంటించాలి.

ఆలోగా, ఈ సమావేశానికి వచ్చిన ప్రతి అక్కా తాను బాడుగకు మాట్లాడుకునే వ్యాను నంబరు, కంపెనీ, తయారైన ఏడు, ఎవరు మార్చారు, గ్యాసు ఉందా అన్న వివరాలు రాసివ్వండి. చదువు రాకపోతే పిల్లలతో రాయించండి. పెట్రోలు వాసన వచ్చిన రోజు తేదీ వెయ్యండి. కాగితాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి.