నికోడిమస్: ఒక విరళ జనపదము యొక్క చరిత్ర



గ్రామచరిత్రలయందు ఆజీవనము శ్రద్ధ వహించిన పెద్దల స్మృతికై ఏర్పడిన ఈ ఉపన్యాసమునకు, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున, గ్రాహం కౌంటీలో నున్న నికోడిమస్ అను ఊరిని విషయముగా గ్రహించితిని. 2020 జనాభా లెక్కలనాటికి ఆ ఊరియందు నివసించువారు 14 మంది. ఇంత స్వల్పమైన ఊరికి చరిత్ర యేమని శంకింపవలదు. దాస్యవిముక్తులైన నల్లజాతివారు మిసిసిపీ నదికి పడమట నెలకొల్పుకొన్న తొలి ఊళ్లలో నేటికిని నిలిచియున్నది అది.

1865లో దాస్యము చట్టముచే అంతరించినను, ఆ ఊరి తొలి కాపులు బయలుదేరిన కెంటకీ రాష్ట్రమున భూమి మాత్రము పూర్వపు యజమానుల చేతులలోనే యుండెను. నిన్నటి బానిస నేడు వారి పొలముననే కూలివాడయ్యెను. 1862 నాటి చట్టము ప్రకారము పడమటి మైదానములలో అయిదేండ్లు కాపురముండి సాగుచేసినవానికి 160 ఎకరములు స్వంతమగునని విన్న యా జనులకు ఆ మాట ఎట్లు తోచియుండునో ఊహింపుడు. 1877 ఏప్రిల్‌లో డబ్ల్యు. ఆర్. హిల్ అను శ్వేతజాతీయుడును, డబ్ల్యు. హెచ్. స్మిత్ అను నల్లజాతి మతబోధకుడును తదితరులతో గూడి సంఘముగా నేర్పడి ఈ ఊరిని సంకల్పించిరి. ఆ సెప్టెంబరులో కెంటకీలోని లెక్సింగ్టన్ ప్రాంతమునుండి మూడు వందలకు పైబడిన జనము కాన్సాసులోని ఎల్లిస్ వరకు రైలులో వచ్చి, అచ్చటినుండి ఇంచుమించు 35 మైళ్లు ప్రయాణము చేసిరి.

చేరినచోట చెట్టు లేదు, కలప లేదు. కావున భూమినే త్రవ్వి గృహములు చేసికొనిరి. మరుసటి వసంతమున వచ్చిన విలియానా హిక్మన్ అను నామె, ఊరేదని యడుగగా, నేలలోనుండి లేచుచున్న పొగలను భర్త చూపెననియు, తాను కన్నీరు పెట్టుకొంటిననియు వార్ధక్యమున చెప్పెను. మొదటి శీతకాలమున తిండికి లేక అలమటించుచున్నవారికి, వేటనుండి మరలుచున్న ఓసేజ్ తెగవారు మాంసమునిచ్చి ఆదుకొనిరని ఆ ఊరివారు తరతరములుగా చెప్పుకొందురు. ఆ ఓసేజులు అంతకు కొన్నియేండ్ల క్రిందటనే కాన్సాసులోని తమ స్వంత భూములను కోల్పోయి దక్షిణమునకు తరలింపబడినవారు. ఈ దానము నా దృష్టిలో ఆ చరిత్రమంతటికిని శిఖరము.

కొందరు మరలిపోయిరి. నిలిచినవారు పశువులు చాలక పారలతోను, గుద్దళ్లతోను బీడు విరిచిరి. 1880 నాటికి ఊరును, చుట్టుపట్లను కలిపి 258 మంది నల్లవారును, 58 మంది తెల్లవారును ఉండిరి. బడి, చర్చీలు, హోటళ్లు, రెండు వార్తాపత్రికలు వెలసెను. ఊరికి చెందిన ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో రాష్ట్ర ఆడిటరుగా ఎన్నికయ్యెను.

తరువాత రైలుమార్గపు వ్యవహారము వచ్చెను. 1887లో మిసోరీ పసిఫిక్ కంపెనీని రప్పించుటకై టౌన్‌షిప్పు వోటర్లు 16,000 డాలర్ల బాండ్లకు సమ్మతించిరి, దారి రాలేదు. మరుసటియేట యూనియన్ పసిఫిక్ వారు సాలమన్ నదికి దక్షిణపు గట్టుననే పట్టాలు వేసికొనిపోగా, వర్తకులు అంగళ్లనెత్తి నది దాటిరి. బోగ్ అను ఊరు పెరిగెను. దీనిని విధివిలాసమనుట నాకు సమ్మతము కాదు. దూరపు కార్యాలయములలో పటముపై గీసిన ఒక రేఖ, పదేండ్ల చెమటను నిష్ఫలము చేసెను.

1930 దశకపు క్షామములును, ధూళి తుపానులును మరికొందరిని వెడలగొట్టెను. 1953లో తపాలా కచేరి మూతపడెను. అయినను పట్టా చేతనున్నవారు కొందరు పొలము విడువలేదు. 1939లో సున్నపురాతితో కట్టిన టౌన్‌షిప్పు భవనము నేటికిని నిలిచియున్నది. 1996లో జాతీయ చారిత్రకస్థలముగా ప్రభుత్వము ఈ ఊరిని గుర్తించెను.

1834 ఆగస్టు 1న వెస్టిండీసు దీవులలో దాస్యము రద్దయిన దినమును స్మరించుచు తొలి కాపులు ఆరంభించిన ఉత్సవము నేడు జులై నెలాఖరున జరుగుచున్నది. నానా రాష్ట్రములలో స్థిరపడిన వంశీయులు వందలకొలది అప్పుడు ఊరు చేరుదురు. జనాభా లెక్కలకు ప్రమాణమైన దినము ఏప్రిల్ 1. ఆనాడు లెక్కకువచ్చు సంఖ్య ప్రక్కన, జులైలో వచ్చి తాతల సమాధులు చూచుకొనువారి సంఖ్యను గూడ వ్రాసిననే ఈ ఊరి జనసంఖ్య సరిగా వ్రాసినట్లగునని నా దృఢాభిప్రాయము.