జ్వరాల లెక్కలో స్త్రీలెక్కడ?

(నూజివీడులో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మామిడి తోటల మధ్య కూర్చుని ఏజెన్సీ మలేరియా గురించి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. 2022 ఏప్రిల్‌లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. కోయలు, కొండరెడ్లు ఉండే కుక్కునూరు, వేలేరుపాడు మండలాలూ ఈ జిల్లావే. అంటే వాళ్ల జ్వరాలకు జవాబు చెప్పవలసిన యంత్రాంగమే మనదీను. ఆ జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. దారులు మునిగి అక్కడి ఊళ్లు దీవులయ్యాయి. మలేరియా పెరిగేదీ ఆ వానల కాలంలోనే.

2030 నాటికి దేశంలో మలేరియా లేకుండా చేస్తామని ప్రభుత్వం అంటోంది. ఇలాంటి మాట ఇదివరకూ విన్నాం. 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు తగ్గాయి. ఆ తర్వాత నిఘా సడలింది, దోమలు డిడిటిని తట్టుకోవడం నేర్చాయి. 1976లో కేసులు 64 లక్షలు. రక్తపరీక్ష జరిగిన చోటే జ్వరం లెక్కకొస్తుంది. పరీక్ష చేరని ఊళ్లో ‘కేసులు లేవు’ అన్న మాటకు అర్థం లేదు.

గర్భిణికి మలేరియా వస్తే రక్తహీనత ముదురుతుంది, గర్భస్రావం కావచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా వాడే ప్రైమాక్విన్ ఆమెకు ఇవ్వకూడదు. కాబట్టి ఏదో ఒక మాత్ర చేతిలో పెడితే సరిపోదు. పరీక్ష చేసి, ఎన్నో నెలో అడిగి మందిచ్చే మనిషి కావాలి.

గోడలకు మందు కొట్టాక కొన్ని వారాలు అలకవద్దంటారు. ఇల్లు అలికేదెవరు? సామాను బయటపెట్టి, మళ్లీ సర్దేదెవరు? ఆమెకు ముందుగా చెప్పకుండా, కూలికి పోయిన వేళ వచ్చి ‘సహకరించలేదు’ అని రాసుకుంటే తప్పెవరిది?

వేలు పొడిచి రక్తం తీసేది, మందు మింగించేది ఆశా కార్యకర్త. దీవిగా మారిన ఊరికి ఆమే ఆసుపత్రి. అయినా ప్రభుత్వం దృష్టిలో ఆమె స్వచ్ఛంద సేవకురాలే, ఉద్యోగి కాదు. స్త్రీల చాకిరీని సేవ అనడం మనకు కొత్త కాదు.

మనం అడగవలసింది ఇది: తొలకరికి ముందే ప్రతి ఊళ్లో ఆశా దగ్గర పరీక్ష కిట్లు, మందులు ఉండాలి. జ్వరం వచ్చిన 24 గంటల్లో పరీక్ష జరగాలి. ఎన్ని జ్వరాలకు ఎన్ని పరీక్షలు చేశారో, వారిలో గర్భిణులెందరో నెలనెలా గ్రామసభలో చదవాలి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు బలాన్నిచ్చింది. ఆ సభలో ముందు వరసలో స్త్రీలు కూర్చోవాలి. నూజివీడు నుంచి మనమూ ఆ లెక్క అడుగుదాం.