అభ్యర్థి నేర్పఱచు హక్కు ఎవరిది?

(ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగము యొక్క పాఠము)



ఎన్నికలనగానే మనకు స్ఫురించునది వోటు వేయు దినము. ఆ దినమున మనమే రాజులమని మన నమ్మకము. కాని మనము మీట నొక్కునప్పటికి, ఆ యంత్రముపై నెవరి పేర్లుండవలెనో వేఱొకరు వేఱొకచోట నిర్ణయించియే యుందురు. విస్తరిలో నేమి వడ్డింపవలెనో వారు నిశ్చయింతురు. వడ్డించినవానిలో నేది తినవలెనో యేరుకొను స్వేచ్ఛ మాత్రము మనకు మిగులును. ఈ మొదటి నిర్ణయ మెవరిదను ప్రశ్నయే నేటి మా ప్రసంగవిషయము.

అమెరికా సంయుక్తరాష్ట్రములవా రీ ప్రశ్నకు వెదకిన సమాధానమునకు ప్రైమరీ యని పేరు. అధ్యక్షపదవికి తమ పక్షము తరఫున నెవరు నిలువవలెనో ఆయా రాష్ట్రములలోని వోటర్లే వోటు వేసి తెలుపుట దీని లక్షణము. పూర్వ మీ నిర్ణయమును పక్షనాయకులు తలుపులు మూసికొని చేయుచుండిరి. 20వ శతాబ్ది తొలినాళ్లలో సంస్కర్తలు కొన్ని రాష్ట్రములందు ప్రైమరీలను నెలకొల్పిరి. 1912లో థియొడోరు రూజ్వెల్టు వానిలో నధికభాగమును గెలిచెను. అయినను పక్ష మహాసభలో నాయకుల బలముగల టాఫ్టునకే అభ్యర్థిత్వము దక్కెను. ప్రజలు తలుపు తట్టిరే కాని లోనికి పోజాలరైరి.

తట్టిన తలుపు కొంత తెఱచుకొనిన సందర్భ మొకటి కలదు. అది 1960 మే 10వ తేదీన వెస్టు వర్జీనియా రాష్ట్రమున జరిగిన డెమొక్రాటిక్ పక్షపు ప్రైమరీ. అది కొండల సీమ, బొగ్గుగనుల సీమ. గనులలో యంత్రములు ప్రవేశించుటచే వేలకొలది కూలీలు పని గోలుపోయి, ప్రభుత్వము పంచు తిండిగింజలపై నాధారపడియుండిరి. ఆ పేదల వాకిట నిద్దరు సెనేటర్లు వచ్చి నిలిచిరి. ఒకడు మందులషాపువాని కుమారుడు, మిన్నెసోటా సెనేటరు హ్యూబర్టు హంఫ్రీ. రెండవవాడు కోటీశ్వరుని కుమారుడు, మసాచుసెట్సు సెనేటరు జాన్ కెనెడీ.

కెనెడీ కథోలిక్కు. వెస్టు వర్జీనియాలో కథోలిక్కులు నూటికి ఐదుగురికి మించరు. మిగిలినవారిలో నధికులు ప్రొటెస్టెంటులు. 1928లో ఆల్ఫ్రెడ్ స్మిత్ అను కథోలిక్కు అధ్యక్షపదవికి నిలిచి ఘోరముగా నోడియుండెను. ఆ యోటమి డెమొక్రాటిక్ నాయకుల హృదయములలో ముల్లువలె నాటుకొనియుండెను. కెనెడీ ఏప్రిలులో విస్కాన్సిన్ ప్రైమరీని గెలిచినను, అవి కథోలిక్కుల వోట్లే యని వారు పెదవి విఱిచిరి. పోపుమాట వినువానికి దేశమున వోటెవరు వేయుదురని వారి శంక.

ఆ శంకకు కెనెడీ మఱుగున సమాధానము చెప్పలేదు. నౌకాదళమున చేరునప్పుడు నా మతమేదని యెవరు నడుగలేదని యతడు సభలలో పలికెను. యుద్ధమున నతని యన్న ప్రాణములర్పించియుండెను. అధ్యక్షుడు బైబిలుపై చేయియుంచి చేయు ప్రమాణములో రాజ్యమును మతమును వేఱుగా నుంచుటయు నిమిడియున్నదనియు, దానిని భంగపఱచుట దేశద్రోహమే కాక దైవద్రోహమనియు నతడు వివరించెను. ఫలితము వెలువడునప్పటికి నూటికి 60కి పైగా వోట్లు కెనెడీకి పడెను. హంఫ్రీ ఆ రాత్రియే పోటీనుండి తప్పుకొనెను. బీదలైన గనికూలీలు పండితుల జోస్యమును తలక్రిందు చేసిరి. అప్పు డా రాష్ట్రపు ప్రైమరీ ఫలితము పక్షప్రతినిధులను చట్టరీత్యా బంధించునది కాదు. అయినను ప్రజల తీర్పు ముందు నాయకుల శంక నిలువలేకపోయెను.

ఈ కథలో నీడ కూడ కలదు. దాని దాచుట సత్యమునకు ద్రోహము. కెనెడీ కుటుంబము ధనమును మంచినీళ్లవలె వెచ్చించినది. స్థానిక నాయకులకు సొమ్ము ముట్టినదను నింద నాడే పుట్టెను. హంఫ్రీ యుద్ధమున చేరలేదని కెనెడీ పక్షమువా రొకరు దెప్పిపొడిచి, పిమ్మట క్షమాపణ చెప్పుకొనిరి. ప్రజల నేరుగా నడుగు పద్ధతి ధనికునకు సులభము, నిర్ధనునకు దుర్భరము. అయినను ఆ కొండసీమలో చూచిన దారిద్ర్యమును కెనెడీ మఱచిపోలేదు. 1961 జనవరిలో నధ్యక్షుడైన మఱునాడే యతడు వెలువఱచిన తొలి యాజ్ఞ పేదలకు పంచు నాహారమును పెంచుటకే. వోటడుగ వచ్చినవాడు ఆకలిని కన్నులార చూడవలసివచ్చుట ప్రైమరీ చేసిన మేలు.

1968లో దీనికి వ్యతిరేకమైన దృశ్యము. అదే హంఫ్రీ, అప్పటి యుపాధ్యక్షుడు, ఒక్క ప్రైమరీలోను స్వయముగా పోటీ చేయక, నాయకుల బలముచే షికాగో మహాసభలో అభ్యర్థి యయ్యెను. లోపల నిర్ణయము జరుగుచుండ, వీథులలో వియత్నాము యుద్ధమును నిరసించు యువకులపై పోలీసుల లాఠీలు విరుగుచుండెను. నవంబరులో హంఫ్రీ నిక్సను చేతిలో నోడెను. ఆ గాయమునుండియే సంస్కరణ పుట్టినది. 1972 నుండి ప్రతినిధులలో నధికులను వోటర్ల నిర్ణయము ననుసరించి యెన్నుకొను పద్ధతి వ్యాపించెను.

ప్రైమరీ మూసిన తలుపైన కాలమును కలదు. టెక్సాసులో నొకప్పుడు డెమొక్రాటిక్ పక్షమునకు ఎదురులేదు. ప్రైమరీలో గెలిచినవాడే పదవి నందును. పక్ష మొక స్వంత సంఘమని చెప్పి నల్లజాతివారిని దానినుండి వెలివేసిరి. నవంబరులో వోటు వేయు హక్కుండియు వారికి ఫలము లేదు. హ్యూస్టను దంతవైద్యుడు లానీ స్మిత్ న్యాయస్థానమునకెక్కెను. ఆ వెలి రాజ్యాంగవిరుద్ధమని 1944లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అభ్యర్థి నేర్పఱచుట పక్షము నింటిపని కాదు, ప్రజాకార్యమని ఆ తీర్పు బోధించుచున్నది.

ఇక మన సంగతి. మన దేశమున టిక్కెట్టు నెవరి కీయవలెనను నిర్ణయమును చట్టము పక్షముల యిచ్చకే వదలినది. పైగా 1985లో వచ్చిన ఫిరాయింపుల నిషేధము వలన, సభలో పక్షాజ్ఞకు విరుద్ధముగా వోటు వేసిన సభ్యుడు పదవి గోలుపోవచ్చును. టిక్కెట్టిచ్చువారే నోటికి తాళము వేయువారైనప్పుడు, ఆ సభ్యుడు మన ప్రతినిధియా, వారి ప్రతినిధియా?

అమెరికా పద్ధతిని యథాతథముగా దిగుమతి చేసికొమ్మని మేము చెప్పుటలేదు. వారి ధనవ్యామోహము మన కక్కఱలేదు. మన కున్నది చాలును. కాని ప్రతి పక్షమును మన మొక ప్రశ్న యడుగవచ్చును: మీ అభ్యర్థి నెవరు, ఎచ్చట, ఏ నియమము ననుసరించి యెన్నిరి? ఆ నియోజకవర్గమున మీ జెండా మోయు కార్యకర్తకు అందులో నొక వోటైన నున్నదా? ఈ ప్రశ్న వోటడుగ వచ్చినవారికి మన వాకిటనే వినిపింపవలెను. టిక్కెట్ల పంపకము ముగిసిన పిమ్మట కాదు, దానికి ముందే.