నూటయాభై మందిని మోసిన చింతచెట్టు

హైదరాబాద్‌లో గౌలిపుర నుంచి చార్మినార్, పత్తర్‌గట్టి, మదీనా దాటి, నయాపూల్ మీదుగా మూసీ నది అవతలికి నడిస్తే అఫ్జల్‌గంజ్. అక్కడ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఓ ముసలి చింతచెట్టు ఉంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. సుమారు 15 వేల మంది చనిపోయారంటారు. ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోతుంటే, దాదాపు 150 మంది ఈ చెట్టెక్కి, కొమ్మలను కరుచుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. చింతకు వేళ్లు లోతు, చేవ గట్టి. అంత ప్రవాహంలోనూ అది ఒరిగిపోలేదు. ఎవరు నాటారో గానీ, ఆ చేతికి దండం పెట్టాలి!

అలాంటి వరద మళ్లీ రాకుండా, ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ తర్వాత కట్టినవే. ఆసుపత్రి భవనమూ వరద తర్వాతిదే. చెట్టు వయసులో వాటన్నిటికన్నా పెద్దది.

చార్మినార్ దగ్గర ఆగినంత మంది ఇక్కడ ఆగరు. అది నాకు బాధగా ఉంటుంది. ఈ ఆదివారం పొద్దున్నే పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లండి, ఆ వరద సంగతి చెప్పండి. రోగులుండే చోటు కదా, మెల్లగా మాట్లాడండి. చెట్టు మొదట్లో చెత్త వేయకండి, మానుకు మేకులు కొట్టనివ్వకండి.