ఫోన్ ఎవరి చేతిలోంచి లాక్కుంటున్నాం?

(ఏటూరునాగారంలో గ్రామ మహిళా సంఘాల కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మీలో చాలామంది ఒకే మాట చెప్పారు. 'మా పిలగాడు అన్నం తినడు, రాత్రి పండడు, ఎప్పుడు చూసినా ఆ రీల్సే' అని. ఫోన్ తీసుకుంటే కోపం, పిలిస్తే పలకడు, పుస్తకం తెరిస్తే పది నిమిషాలు కూర్చోలేడు. ఇదంతా నిజమే. అయితే ఏం చేద్దామని అడిగితే వచ్చిన జవాబు విని నాకు భయం వేసింది. 'ఆడపిల్లలకు ఫోన్ ఇయ్యొద్దని తీర్మానం చేద్దాం' అన్నారు. రోగం చెప్పేటప్పుడు కొడుకు, మందు దగ్గరికొచ్చేసరికి కూతురు!

ఇలాంటి తీర్మానాలు కొత్తవి కావు. 2019లో గుజరాత్ బనస్కాంఠా జిల్లాలో ఠాకోర్ కులపెద్దలు 12 గ్రామాల్లో పెళ్లికాని ఆడపిల్లలు ఫోన్ వాడకూడదని కట్టుబాటు పెట్టారు. కులం బయట పెళ్లి చేసుకుంటే తల్లిదండ్రులకు జరిమానా అని కూడా అప్పుడే చెప్పారు. వాళ్ల బెంగ దేని గురించో వేరే చెప్పాలా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎన్నడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు నూటికి 33 మంది, మగవాళ్లు 57 మంది. తక్కువ ఉన్నవాళ్ల దగ్గరినుంచే తీసుకోవడమా?

అసలు ఈ ఫోన్లు ఇళ్లలోకి ఎట్లా వచ్చాయి? 2016లో జియో వచ్చాక నెట్ చౌకయింది. కరోనాలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి బడి పాఠాలు టీవీలోకీ ఫోన్‌లోకీ వచ్చాయి. అప్పు చేసి కొనిచ్చిన తల్లులు మీలో ఎందరో ఉన్నారు. అంగన్‌వాడీ టీచర్ల పనీ ఫోన్‌లోకి ఎక్కింది. మనం తునికాకు కోతకు పోయినప్పుడు చిన్నపిల్లలకు ఫోనే ఆయా. దీన్ని పిల్లల చెడ్డ బుద్ధి అనడం అన్యాయం.

పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, సినిమాకు శుభం కార్డు పడుతుంది. ఈ వీడియోలకు అటువంటిది లేదు. వేలితో తోస్తే ఇంకొకటి వస్తుంది. ఈ అంతులేని పద్ధతిని 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్ అనే అమెరికా ఇంజనీరే తరవాత విచారపడ్డాడు. పది చప్పటి వీడియోల మధ్య ఒకటి నవ్విస్తుంది. ఆ ఒక్కదాని ఆశే పట్టి ఉంచుతుంది, లాటరీలో లాగా. పిల్లవాడు దేని దగ్గర ఎంతసేపు ఆగాడో లెక్కపెట్టి అటువంటివే మళ్లీ చూపిస్తారు. ఎంతసేపు చూస్తే కంపెనీకి అన్ని ప్రకటనల డబ్బు. 2020 జూన్‌లో ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. నెల తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చి కూర్చుంది.

దూబగుంట ఆడవాళ్లను గుర్తు చేసుకోండి. వాళ్లు తాగినవాళ్లను తిట్టి ఊరుకోలేదు, సారా పాటలను అడ్డుకున్నారు. అందుకే 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. ఫోన్ సారా కాదు, దాంతో మనకు పనులున్నాయి. కానీ అమ్మేవాడి వైపు చూడటం మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్లలోపు పిల్లల కదలికలను కనిపెట్టి వాళ్లకు ప్రకటనలు చూపించడం కూడదంటుంది. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల బాధ్యతలు పూర్తిగా అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారు. తల్లిదండ్రుల అనుమతి కావాలని కూడా అందులో ఉంది. తండ్రి అనుమతివ్వని ఆడపిల్ల సంగతేమిటని మనమే అడగాలి, ఇంకెవరూ అడగరు.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచె వడ్‌గావ్ అనే ఊరుంది. 2022 ఆగస్టులో అక్కడి ఆడవాళ్ల సభలో మాట్లాడుకుని ఒక పద్ధతి పెట్టుకున్నారు. సాయంత్రం 7 గంటలకు సైరన్ మోగుతుంది. గంటన్నర సేపు టీవీలు, ఫోన్లు బంద్. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఒప్పించారు. నాకు నచ్చిందేమంటే, ఆ కట్టుబాటు ఇంటిల్లిపాదికీ. తండ్రి వార్తలు, తల్లి సీరియల్ కూడా ఆగాలి.

మన దగ్గర ఇంకొక చిక్కుంది. ఫోన్ పక్కన పెట్టిన పిల్ల ఎక్కడికి పోవాలి? మగపిల్లలకు గ్రౌండ్ ఉంది, బస్టాండ్ ఉంది, గోదావరి గట్టుంది. ఆడపిల్ల గడప దాటితే ప్రశ్నలు. ఆటా విశ్రాంతీ పిల్లల హక్కని 1989 బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతుంది. మనదేశం 1992లోనే దాన్ని అంగీకరించింది.

మరో సంగతి. ఎవడో ఫొటో పెట్టి బెదిరిస్తే, 'చెబితే ఫోన్ గుంజుకుంటరు' అన్న భయంతోనే ఆడపిల్లలు నోరు విప్పరు. అటువంటప్పుడు 181కి గానీ 1930కి గానీ ఫోన్ చేయాలి. నిద్ర, తిండి పోయి మనసు బాగా చెదిరిన పిల్లలకు టెలీ మానస్ 14416 ఉంది. ఈ నంబర్లు పిల్లల ఫోన్లలోనే రాసి పెట్టండి.

భోజనాల తరవాత తీర్మానం రాసేటప్పుడు 'ఆడపిల్లలు' అన్నచోట 'ఇంట్లో అందరూ' అని మార్చమని నా ప్రతిపాదన. రాత్రి పడుకునే ముందు ఫోన్లన్నీ ఒకేచోట, పడకలకు దూరంగా పెట్టాలని చేర్చండి. ఐటీడీఏకు ఇచ్చే అర్జీలో ఆడపిల్లలు ఆడుకునే స్థలం, సాయంత్రం తెరిచి ఉండే గ్రంథాలయం అడుగుదాం. సంతకాలు ఇవాళే చేద్దాం, పిల్లల చేత కూడా చేయిద్దాం.