అడుగుకు అంగుళం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బయట వరండాలో బల్ల మీద ఉన్న అట్టపెట్టె గదిని మీలో చాలామంది చూసే ఉంటారు. కూల్చేసిన మన పాత పెంకుల షెడ్డులోని ఏడో తరగతి గది అది. పక్కన గోడకు అంటించిన ఫొటోలన్నీ ఆ పెట్టెలో తీసినవే. “ఏ కెమెరా? ఎంతయింది?” అని పొద్దుటినుంచీ అడుగుతున్నారు. అందుకే కార్యదర్శిగారు నాకు ఈ పది నిమిషాలు ఇచ్చారు.

మన సంఘం దగ్గర పాత ఫొటోలు చాలానే ఉన్నాయి. అన్నీ గ్రూపు ఫొటోలే. ఏటా షెడ్డు ముందు వరసగా నిలబడి, దానికి వీపు పెట్టి తీయించుకున్నాం. మనం చదువుకున్న గది లోపల ఎలా ఉండేదో ఒక్క ఫొటోలోనూ లేదు. లేని గదిని ఫొటో తీయాలంటే ముందు దాన్ని కట్టుకోవాలి కదా!

బొమ్మరిళ్లు కట్టేవాళ్లు ఎక్కువగా వాడే కొలత అడుగుకు అంగుళం, అంటే పన్నెండో వంతు. ఇంగ్లండులో విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లు 1924లో ఈ కొలతలోనే పూర్తయింది. అమెరికాలో ఫ్రాన్సిస్ గ్లెస్నర్ లీ అనే ఆవిడ 1940లలో నేరాలు జరిగిన గదులను ఇదే కొలతలో కట్టి, గదిని జాగ్రత్తగా ఎలా చూడాలో పోలీసులకు నేర్పించారు. ఆరడుగుల బెంచీ మనకు ఆరంగుళాలు అవుతుంది. బెంచీలు ఐస్‌క్రీం పుల్లలతో, పెంకులు పాత పెళ్లికార్డులతో చేశాను. నల్లచార్టు మీద సుద్దపొడి రాసి తుడిస్తే అచ్చం మన బోర్డే.

ఇక ఫొటో సంగతి. నాది మామూలు ఫోనే. అసలు కిటుకు కెమెరా ధరలో లేదు, దాన్ని ఎంత ఎత్తులో పెట్టామన్నదానిలో ఉంది. పైనుంచి తీస్తే అట్టపెట్టె కనిపిస్తుంది. బెంచీ మీద కూర్చున్న ఏడో తరగతి పిల్లవాడి కన్ను నేలకు సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే మనకు మూడున్నర అంగుళాలు. ఫోనును తలకిందులు చేయండి. పై అంచున ఉండే లెన్సు నేలకు దగ్గరవుతుంది. మరీ దగ్గరగా పెట్టి తీస్తే ముందు బెంచీ మాత్రమే స్పష్టంగా వచ్చి, వెనకంతా అలుక్కుపోతుంది. అది బొమ్మ అని చూసేవాళ్లకు తెలిసిపోయేది అక్కడే. కొంచెం వెనక్కి జరిగి తీసి, తర్వాత అంచులు కత్తిరించుకోండి. చెయ్యి వణక్కుండా ఫోనును బియ్యం మూటకు ఆనించి, టైమర్ పెట్టండి.

వెలుగు కూడా చవకే. ఫ్లాష్ వద్దు. ఎండ పడినట్టు కావాలంటే చిన్న టార్చిని గదికి అవతలి మూలనుంచి వేయండి. సూర్యుడు దూరంగా ఉంటాడు కనక టార్చీ దూరంగానే ఉండాలి. అప్పుడే కిటికీ కమ్మీల నీడలు తేటగా, తిన్నగా పడతాయి. రెండోవైపు తెల్ల థర్మోకోల్ ముక్క నిలబెడితే చీకటి మూలలు కాస్త తేరుకుంటాయి. తీసేముందు కుంచెతో దుమ్ము దులపండి. ఈ కొలతలో ఇసకరేణువు కూడా గులకరాయిలా కనిపిస్తుంది. టార్చి, జిగురు, చార్టులు అన్నీ కలిపి నాకు 430 రూపాయలయింది.

మొదటి ఫొటోలు తీసుకెళ్లి మన తెలుగు మాస్టారికి చూపించాను. ఆయనకు ఎనభై దాటాయి. చాలాసేపు చూసి, “బాగుందిరా. కానీ ఇది మీరు చూసిన గది. నాకు బోర్డు ఎక్కడ కనపడేది? మీ మొహాలు కనపడేవి. మీ వెనక తలుపు, తలుపులోంచి వేపచెట్టు” అన్నారు.

ఇంటికొచ్చి ఫోనును బోర్డు పక్కన, నిలబడ్డ మనిషి కన్ను ఎత్తులో, అయిదంగుళాల పైన పెట్టాను. తలుపు అవతల వేపరెబ్బ ఒకటి గుచ్చాను. అదే గది, అవే బెంచీలు. కానీ అందులో నేనెప్పుడూ నిలబడలేదు. ఆ ఫొటో ఇచ్చినప్పుడు మాస్టారు వేలితో ఒక్కో బెంచీ మీద ఆగుతూ, ఎవరెవరు ఎక్కడ కూర్చునేవాళ్లో పేర్లతో చెప్పారు. మూడో వరస దాకా నేను రాసుకోగలిగాను. ఆ తర్వాత ఆయన అలసిపోయారు.

అందుకే మీకు నా మనవి. షెడ్డు పోయింది కానీ, దాన్ని చూసిన కళ్లు ఇంకా మన మధ్యే ఉన్నాయి. అవి ఎప్పటికీ ఉండవు. ఈ రోజు వచ్చిన గురువుల దగ్గర అయిదు నిమిషాలు కూర్చుని, వాళ్లు నిలబడ్డ చోటినుంచి గది ఎలా ఉండేదో అడిగి రాసుకోండి. సైన్సు గది, గ్రంథాలయం ఇంకా నిలిచే ఉన్నాయి. భోజనాలయ్యాక టేపు పట్టుకుని వస్తే, ఇద్దరం కలిసి కొలుద్దాం. కట్టే పని నేను చూసుకుంటాను.